గోడ మీది గుడి, ముప్పై ఎనిమిది ముక్కలు

ఇంగ్లండు తూర్పు తీరంలో, ఎసెక్స్ కౌంటీ కొసన, బ్లాక్‌వాటర్ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక ఒంటరి గుడి ఉన్నది. పేరు సెయింట్ పీటర్ ఆన్ ద వాల్. తెనుగు చేసుకుంటే "గోడ మీది పేతురు గుడి" అవుతుంది. దగ్గరి ఊరు బ్రాడ్‌వెల్ ఆన్ సీ. ఊరు దాటి చాలా దూరం వచ్చాక కారు ఆపుకొని, చివరి అరమైలు పొలాల నడుమ కాలిబాటన నడిచి వెళ్ళాలి. ఎదురుగా నిలబడి చూస్తే అది గుడిలా ఉండదు. గోపురం లేదు, శిల్పాలు లేవు. ఎత్తయిన గోడలూ వాలు కప్పూ ఉన్న పెద్ద ధాన్యపు కొట్టులా కనిపిస్తుంది. అలా కనిపించడానికి కారణమున్నది. రెండు శతాబ్దాలకు పైగా అది నిజంగానే ధాన్యపు కొట్టు.

ఆ గుడి లోపలి భాగాన్ని చుట్టూ 360 డిగ్రీలూ, నేలా కప్పూ కలుపుకొని, ఒక్క చిత్రంగా పట్టాలని రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి పాడుచేసుకొని వచ్చాను. రెండవసారి పట్టుకొచ్చాను. ఆ ఫోటోల కథా, ఆ గుడి కథా, వీటితో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే మా ఊరి కథా కలిపి చెప్పాలని ఈ ప్రయత్నం. ఛాయాగ్రహణంలో నేను నిపుణుణ్ణి కాను, చరిత్రలో అసలే కాను. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

* * *

ముందు మా ఊరి సంగతి.

1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషను పని ప్రారంభించిన తరువాతి దశాబ్దాలలో ఆ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు వెలిశాయి. వాటిలో చాలావాటికి వారమంతా బడి వేషం, ఆదివారం గుడి వేషం. మా పల్లెలోనిదీ అలాంటిదే. బంగాళా పెంకుల కప్పు, మూరెడు మందాన సున్నపు గోడలు, కమాను తలుపు, ఆ తలుపు మీద సగం చెరిగిపోయిన ఒక వాక్యం. నేను ఓనమాలు దిద్దింది ఆ నేల మీదనే. మా నాన్నగారు అక్కడి పంతులుగారు.

నేను దేశం విడిచి వచ్చిన కొన్నేళ్ళకు, ఒక వానాకాలం వెనక గోడ బీటవారింది. దాన్ని పడగొట్టి ఆ స్థలంలోనే పెద్ద స్లాబు కట్టడం లేపారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కూలి డబ్బుల్లోంచి కూడబెట్టి ఊరివాళ్ళు కట్టుకున్న గుడి అది. నా వంతు డబ్బు నేనూ పంపాను. పంపేటప్పుడు పాతదాన్ని గురించి ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి నాకు నేను చెప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

కొన్నేళ్ళ క్రితం బాబాయి ఫోను చేశారు.

"ఒరే అబ్బాయ్, మన గుడి మొదట కట్టి నూరేళ్ళయిందని చిన్న పుస్తకం వేస్తున్నాంరా. అట్ట మీద పాత గుడి బొమ్మ వేద్దామంటే ఎక్కడా దొరకటల్లేదు. నీ దగ్గర కెమెరా ఉండేదిగా, ఒక్కటన్నా తీసుంటావని..."

తీయలేదు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా కోటప్పకొండా, అమరావతీ, నాగార్జున కొండా తీశాను. మా గుడి తీయలేదు.

"ఎవరి దగ్గరా లేదా బాబాయ్?"

"రోజూ చూసేదాన్ని ఎవుడు ఫోటో తీసుకుంటాడ్రా! పెళ్ళిళ్ళప్పుడు తీసినయ్యి ఉన్నయ్యి. వాటిల్లో మనుషులే ఉన్నారు, గుడేదీ?"

ఇల్లిల్లూ అడిగించి పోగుచేయగా ఏడు ఫోటోలు వచ్చాయి. ఒకదానిలో పెళ్ళికూతురి వెనక తలుపు కమాను సగం. ఒకదానిలో పాదిరిగారి భుజం పక్కన కిటికీ. ఒకదానిలో పిల్లల వరుస మీద రెండు బారల పెంకులు. మొత్తం గుడి ఎందులోనూ లేదు. వాటిని ఏం చేశానో చివర చెబుతాను. ఆ ఏడు ముక్కలు చేతిలో పట్టుకొని కూర్చున్న వారంలోనే, కనీసం ఇక్కడ, నేనుంటున్నచోట, ఒక పాత పల్లె గుడినైనా పూర్తిగా పట్టాలని పట్టుదల కలిగింది. దాంతో బ్రాడ్‌వెల్ దారి పట్టాను.

* * *

బ్రిటను దీవిని రోమనులు ఏలిన కాలంలో తూర్పు, దక్షిణ తీరాల వెంబడి ఒక కోటల వరుస కట్టారు. వాటిని సాక్సన్ తీరపు కోటలంటారు. క్రీ.శ. 3వ శతాబ్ది చివర కట్టిన ఒథోనా వాటిలో ఒకటి. 5వ శతాబ్ది మొదట్లో రోమను పాలన ముగిసింది. కోట పాడుపడింది. క్రమంగా సముద్రం దానిలో చాలా భాగాన్ని కబళించింది.

క్రీ.శ. 653 ప్రాంతంలో ఎసెక్స్‌ను ఏలుతున్న సిగెబెర్ట్ అనే రాజు, నార్తంబ్రియా రాజైన ఓస్వియు ప్రోద్బలంతో క్రైస్తవం పుచ్చుకొన్నాడు. తన ప్రజలకు బోధించేవాళ్ళను పంపమని ఓస్వియును కోరాడు. అలా వచ్చినవాడు చెడ్. పేరు మన చెవికి బాగుండదు గాని మనిషి మంచివాడు. లిండిస్‌ఫార్న్ దీవిలో, ఐర్లండు సంప్రదాయానికి చెందిన ఐడన్ దగ్గర పెరిగినవాడు. నలుగురన్నదమ్ములు, నలుగురూ గురువులే. చెడ్ పాంట్ నది ఒడ్డున ఇథంకేస్టిర్ అనే చోట గుడి నెలకొల్పాడని, 731లో ముగించిన తన చరిత్ర గ్రంథంలో బీడ్ రాశాడు. బ్లాక్‌వాటర్ పై భాగాన్ని నేటికీ పాంట్ అనే పిలుస్తారు. ఇథంకేస్టిర్ అంటే పాడుపడిన ఆ ఒథోనాయే.

కొండరాయి దొరకని బురద తీరమది. రాళ్ళూ, ఎర్రని పలచని ఇటుకలూ అన్నీ కోటనుంచే తీసుకున్నారు. స్థలం కూడా కోటదే. ప్రాకారానికి పడమటి ద్వారం ఉన్నచోట, ఆ గోడ పునాది మీదనే గుడి లేచింది. అందుకే గోడ మీది గుడి. ఇప్పుడు మనకు మిగిలింది భక్తులు కూర్చునే మధ్య హాలు మాత్రమే. తూర్పు కొసన ఉండిన అర్ధచంద్రాకారపు గది, పడమట ముందు మండపం, పక్క గదులూ ఎప్పుడో పోయాయి.

చెడ్ జీవితంలో రెండు ఘట్టాలు నన్ను బాగా పట్టుకున్నాయి. మొదటిది 664 నాటి విట్బీ సభ. ఈస్టరు పండుగ ఏ రోజున చేసుకోవాలన్న లెక్క మీద ఐర్లండు పద్ధతివారికీ రోమా పద్ధతివారికీ తగవు. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఆ సభలో ఇరుపక్షాలకూ దుబాసీగా కూర్చున్నవాడు చెడ్. తాను పెరిగింది ఐర్లండు పద్ధతిలో. రాజు తీర్పు రోమా పద్ధతికి అనుకూలంగా వచ్చింది. అంతసేపూ రెండు వైపుల మాటలనూ నిజాయితీగా అటూ ఇటూ చేరవేసిన చెడ్, ఆ తీర్పును ఒప్పుకొని ఇంటిదారి పట్టాడు. పగలంతా ఒక భాషలో బతికి రాత్రి మరో భాషలో రాసుకునే మనబోటివాళ్ళకు ఆ దుబాసీ కుర్చీ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

రెండవది అదే ఏడు. దేశమంతా మహామారి. యార్క్‌షైరులోని లాస్టింగమ్‌లో తాను స్థాపించిన మఠానికి వెళ్ళిన చెడ్ అక్కడే జబ్బుపడి చనిపోయాడు. ఆ వార్త విని, బతికితే ఆయన సమాధి దగ్గర బతకాలి, చస్తే అక్కడే చావాలి అని ఎసెక్స్‌లోని ఆయన మఠం నుంచి సుమారు ముప్పైమంది బయలుదేరి వెళ్ళారట. ఒక్క చిన్న పిల్లవాడు తప్ప అందరూ అదే మహామారికి బలయ్యారని బీడ్ రాశాడు. ఆ ముప్పైమందిలో కొందరైనా ఈ గడప దాటి వెళ్ళినవాళ్ళే కావచ్చు. ఆ ఊహతో ఖాళీ బల్లల మధ్య నిలబడితే గుడి మరీ ఖాళీగా అనిపించింది.

* * *

తరువాత ఎన్నో శతాబ్దాలు గడిచాయి. ఊరు సముద్రానికి దూరంగా జరిగింది. ఊరి మధ్య వేరే చర్చి ఉన్నది. 17వ శతాబ్ది నాటికి ఈ పాత గుడి ధాన్యపు కొట్టయింది. బండి ఒక వైపు నుంచి లోపలికొచ్చి రెండవ వైపు నుంచి బయటికి పోవడానికి వీలుగా ఉత్తరపు గోడలోనూ దక్షిణపు గోడలోనూ ఎదురెదురుగా పెద్ద ద్వారాలు కొట్టారు. 1920లో కట్టడాన్ని బాగుచేసి మళ్ళీ ప్రార్థనలకు ప్రతిష్ఠించినప్పుడు ఆ బండి ద్వారాలు మూసివేశారు. అయితే మూసిన చోటు మూసినట్టే తెలుస్తుంది. అక్కడి రాయి వేరు, పేర్పు వేరు. తూర్పు గోడలో ఒకప్పటి కమాను మొదళ్ళు, ఇటుకలతో సహా, విరిగిన చేతుల్లా అలాగే ఉన్నాయి. పోయిన గదిని తిరిగి కట్టలేదు. ఇది ఇంతవరకే ఉన్నది, తక్కినది పోయింది అని గోడే చెబుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి ఉన్నది. థేమ్స్ మొగకు దక్షిణాన, కెంట్ తీరంలో రికల్వర్. అదీ సాక్సన్ తీరపు కోటే. ఆ కోట నడుమ 669లో నెలకొన్న గుడి మన బ్రాడ్‌వెల్ గుడికి వరసకు చెల్లెలు. అది కొట్టు కాలేదు. చివరివరకూ గుడిగానే ఉన్నది. సముద్రం గట్టును కోసుకుంటూ దగ్గరికి వస్తుంటే, 1809లో ఆ ఊరివాళ్ళే గుడిని పడగొట్టి, ఆ రాళ్ళతో లోపలికి వేరేచోట కొత్తది కట్టుకున్నారు. మిగిలినవి పడమటి జంట గోపురాలు. అవి కూడా భక్తి వల్ల మిగల్లేదు, నావికులకు దారిగుర్తుగా పనికొస్తాయి కనుక నిలబెట్టారు. లోపలి రెండు స్తంభాలు ఇప్పుడు కాంటర్‌బరీ కెథెడ్రల్‌లో ఉన్నాయి.

అంటే ప్రార్థన జరిగిన గుడి పోయింది, వడ్లబస్తాలు మోసిన గుడి నిలిచింది. పాత కట్టడాన్ని కాపాడేది దాని పట్ల మనకుండే భక్తి ఒక్కటే కాదు. దానితో ఏదో ఒక పని ఉండాలి. మా ఊరి గుడిలో బడి ఆగిపోయి, వానకు పెంకులు సర్దే దిక్కు లేకపోయిన తరువాతే గోడ బీటవారిందన్న సంగతి నాకు అక్కడ గుర్తుకొచ్చింది.

మన అమరావతి కథ మీకు తెలిసిందే. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు పాత స్తూపం దిబ్బ రాళ్ళ గనిగా ఉపయోగపడింది. శివగంగ చెరువు మెట్లకూ ఆ ఫలకాలు వాడారు. కర్నల్ మెకంజీ తన చిత్రకారులను పెట్టి వేయించిన బొమ్మల్లో ఉండి, ఇప్పుడు రాయిగా ఎక్కడా లేని ఫలకాలున్నాయి. రాయి పోయింది, కాగితం మిగిలింది. ఒథోనా ఇటుకల్ని చెడ్ తీసుకున్నాడు, ధాన్యకటకపు రాళ్ళను నాయుడుగారు తీసుకున్నారు. తేడా ఏమిటంటే, ఒకచోట తీసుకున్న ఇటుక ఇంకా గోడలో కనిపిస్తూ ఉన్నది.

* * *

ఇక పనోరమా సంగతి.

చుట్టూ ఉన్నదాన్నంతా ఒక్క చిత్రంగా చూపాలన్న ఊహ కెమెరాకన్న పాతది. ఎడింబరోలో ఉన్న రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లో దీనికి పేటెంటు పుచ్చుకొన్నాడు. "పనోరమా" అన్న పేరు ఆ తరువాత వచ్చింది. గ్రీకులో "అంతా", "చూపు" అనే రెండు మాటల కలయిక. 1793లో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ పక్కన ఆయన ఒక గుండ్రని భవనం కట్టించాడు. జనం టిక్కెట్టు కొని నడుమ వేదిక ఎక్కి, చుట్టూ గోడకు వేలాడే చిత్రాన్ని చూసేవారు. ఈ వేలంవెర్రిలో మనమూ ఉన్నాం. 1799లో శ్రీరంగపట్టణం పడి టిప్పు సుల్తాను మరణిస్తే, మరుసటి ఏడే రాబర్ట్ కెర్ పోర్టర్ అనే యువకుడు ఆ ముట్టడిని బ్రహ్మాండమైన పనోరమాగా వేసి లండన్‌లో చూపించాడు. బార్కర్ కట్టించిన గుండ్రని భవనం ఏమయిందంటారా? 1860లలో దాన్ని ఫ్రెంచివారి చర్చిగా మార్చారు. 1940 నాటి బాంబులకు దెబ్బతిని తిరిగి కట్టినా గుండ్రని ఆకారం పోలేదు. ఇక్కడ గుడి కొట్టయితే, అక్కడ తమాషా గుడి అయింది.

బార్కర్ పద్ధతి ఒకచోట నిలబడి చుట్టూ తిరిగి చూడడం. రెండవ పద్ధతి, గోడ వెంబడి నడుస్తూ ముక్క ముక్కగా తీసి పక్కపక్కన అతకడం. దీనికి గొప్ప ఉదాహరణ మన దక్షిణాదిలోనే ఉన్నది. మద్రాసు సైన్యపు అధికారి, మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నియస్ ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయం అధిష్ఠానం మీది శాసనాలను 21 ముక్కలుగా తీసి, పందొమ్మిది అడుగుల పొడవున ఒకే చిత్రంగా అతికాడు. మైనం పట్టించిన కాగితపు నెగెటివులు, ఎర్రటి ఎండ, కెమెరాను ప్రతిసారీ సమంగా పక్కకు జరపడం... తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అదే ఏడు మద్రాసు మ్యూజియంలో, వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన అమరావతి శిల్పాలనూ ఆయనే ఫోటోలు తీశాడు. ఆ శిల్పాలు తరువాత ఓడెక్కి లండన్ చేరాయి. ప్రభుత్వానికి ఖర్చు బరువనిపించి ఆయన పని మధ్యలోనే ఆపించింది. కనుక మిత్రులారా, కుట్టుపని ఫోటోలు కంప్యూటరుతో పుట్టినవని ఎవరైనా అంటే ట్రైపును గుర్తుచేయండి.

* * *

బ్రాడ్‌వెల్‌లో నేను రెండు పద్ధతులూ చేశాను. లోపల బార్కర్ పద్ధతి, బయటి దక్షిణపు గోడకు ట్రైపు పద్ధతి.

లోపలి పనిలో అసలు చిక్కు ఒక్కటే. ఒక కన్ను మూసి, బొటనవేలిని జానెడు దూరంలో నిలిపి, తలను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. వేలు వెనకనున్న గోడ మీద వేలు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. తల తిరిగే ఇరుసు మెడలో ఉన్నది, చూసే కన్ను ముందుకు ఉన్నది, అందుకని. దీన్నే పారలాక్స్ అంటారు. కెమెరాను మామూలుగా ముక్కాలి మీద బిగించి తిప్పినా ఇదే జరుగుతుంది. దూరపు కొండలైతే ఫరవాలేదు. మూడు అడుగుల దూరంలో బల్ల, ముప్పై అడుగుల దూరంలో గోడ ఉన్నచోట, ఒక ఫోటోలో బల్ల అంచు గోడలో ఈ రాయికి ఎదురుగా ఉంటే, పక్క ఫోటోలో మరో రాయికి ఎదురుగా ఉంటుంది. ఇక ఏ మంత్రగాడూ వాటిని అతకలేడు. విరుగుడు ఏమిటంటే, లెన్సులోకి వెలుగు ప్రవేశించే బిందువు సరిగ్గా ఇరుసు మీద ఉండేటట్టు కెమెరాను వెనక్కు జరిపి బిగించాలి. దానికో ప్రత్యేకమైన తల దొరుకుతుంది. మొదటిసారి దాన్ని ఇంట్లో ఒక లెన్సుకు సరిచూసి, గుడిలో వేరే లెన్సు తగిలించాను. ఇంటికొచ్చి చూస్తే బల్లలన్నీ గొడ్డలితో నరికినట్టు విరిగి ఉన్నాయి. పైగా ఆ రోజు మబ్బు. గోడలు చదునుగా, ముసుగు కప్పినట్టు వచ్చాయి.

రెండవసారి సెప్టెంబరులో, మధ్యాహ్నం దాటాక వెళ్ళాను. 18 మిల్లీమీటర్ల లెన్సు, కెమెరా నిలువుగా. ముప్పై డిగ్రీలకొక ఫోటో చొప్పున చుట్టూ 12. పైకి వంచి 12, కిందికి వంచి 12. నడినెత్తికి ఒకటి, ముక్కాలి జరిపి నేలకు ఒకటి. మొత్తం 38. పక్కపక్క ఫోటోలు మూడోవంతుకు పైగా ఒకదానిమీదొకటి పడాలి. లోపల చీకటి, ఎత్తున ఉన్న చిన్న కిటికీల్లో మాత్రం కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు. అందుకని ప్రతిచోటా తక్కువ, సమం, ఎక్కువ అని మూడేసి. వెరసి 114. ఈ పనికి గంటకు పైగా పట్టింది. సాయంత్రం వాలు వెలుగులో దక్షిణపు గోడ వెంబడి అడుగులు లెక్కపెట్టుకుంటూ బయటి వరుస తీశాను. ఆ వెలుగు రాగానే, మొదటిసారి నేను గమనించనే గమనించని బండి ద్వారపు అతుకు నిలువెత్తున గోడలోంచి బయటికి వచ్చింది. నాలుగు గంటలకు లేనిది ఆరు గంటలకు ఉన్నది. గోడ మారలేదు, వెలుగు పడే కోణం మారింది.

ఇంటికి వచ్చాక కుట్టుపని. దీని వెనక ఎందరి శ్రమ ఉన్నదో చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. జర్మనీలో ప్రొఫెసరు హెల్ముట్ డెర్ష్ 1998లో పనోరమా టూల్స్ రాసి అందరికీ ఇచ్చారు. కెనడాలో డేవిడ్ లోవ్, ఒకే వస్తువు రెండు ఫోటోల్లో ఉంటే దాన్ని కంప్యూటరు తనంతట తానే గుర్తుపట్టే పద్ధతిని 1999లో ప్రకటించారు. ఆయన, మాథ్యూ బ్రౌన్ కలిసి 2003లో పనోరమాలను మనిషి ప్రమేయం లేకుండా అతికి చూపించారు. నేను వాడింది హ్యూగిన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఎవరికైనా ఉచితం. అతుకు కనిపించకుండా చేసే కిటుకు ఇంకా పాతది. 1983లో బర్ట్, ఏడెల్సన్ అనే ఇద్దరు చెప్పినది. పెద్ద పెద్ద ఛాయల్ని విశాలంగానూ, సన్నని గీతల్ని ఇరుకుగానూ కలిపేయడం. మేఘం మేఘంలో కలుస్తుంది, ఇటుక అంచు మాత్రం చెదరదు.

అన్నీ కుదిరాక ఒక చిక్కు మిగిలింది. నేను ఫోటోలు తీస్తుండగా ఒక పెద్దాయన వచ్చి మూడవ బల్ల మీద కాసేపు కూర్చొని వెళ్ళిపోయాడు. తన వల్ల అడ్డమా అని అడిగితే, కాదు, ఉండమన్నాను. చిత్రంలో ఆయన ఇద్దరయ్యాడు. బల్ల మీద ఒకడు, తలుపు దగ్గర వెళ్ళిపోతూ ఒకడు. ఇద్దరినీ చెరిపేయడం రెండు నిమిషాల పని. ఖాళీ గుడి చిత్రానికి అందం ఎక్కువ కూడాను. కాని ఆ గుడి ఆ పూట ఖాళీగా లేదు. బల్ల మీది మనిషిని ఉంచి, తలుపు దగ్గరి మనిషిని తీసేశాను. ఆ సంగతి చిత్రం కింద రాసిపెట్టాను.

తయారైన బొమ్మను చదునుగా పరిస్తే వెడల్పు ఎత్తుకు రెండింతలు. గుండ్రని భూమిని పటంగా పరిచినట్టే ఇందులోనూ వంకరలు తప్పవు. నిటారు గోడ పొట్ట ముందుకు పెట్టినట్టు ఉబుకుతుంది. తూర్పున బలిపీఠం, దాని కాళ్ళలో లిండిస్‌ఫార్న్, అయోనా, లాస్టింగమ్‌ల నుంచి తెచ్చి 1985లో పొదిగిన మూడు రాళ్ళు. దాని వెనక తెగిన కమాను. అటూ ఇటూ మూసిన బండి ద్వారాలు. పదమూడు శతాబ్దాలు ఒక్క చూపులో.

* * *

ఇప్పుడు ఆ ఏడు ఫోటోల సంగతి.

ఇంత సరంజామా చేతిలో ఉన్నది కదా అని వాటిని హ్యూగిన్‌కు అప్పగించాను. ఒకదానికొకటి సంబంధం లేని ఏడు బొమ్మలని చెప్పి చేతులెత్తేసింది. తప్పు దానిది కాదు. ఏడుగురు మనుషులు, ఏడు చోట్ల, ఏడు వేర్వేరు సంవత్సరాల్లో నిలబడి తీసినవి. ప్రతిదానిలోనూ పారలాక్సే, స్థలంలోనూ కాలంలోనూ. చివరికి ఒక నెల రాత్రులు కూర్చొని, తలుపు చీలమండలు, కిటికీ కమాను రాళ్ళు, పెంకుల వరుసలు చేత్తో గుర్తుపెట్టుకుంటూ ముందరి గోడ వరకు ఒక రూపం తెచ్చాను. నాలుగో వంతు ఖాళీ. ఎడమ మూలా, గంట వేలాడే చోటూ ఏ ఫోటోలోనూ లేవు.

ఈ రోజుల్లో అలాంటి ఖాళీలను యంత్రం క్షణంలో నింపి పెడుతుంది. నమ్మదగినట్టుగా, అందంగా నింపుతుంది. చేసి చూశాను కూడా. ఎంత బాగున్నదంటే, మా గుడి అలాగే ఉండేదేమో అని నాకే అనిపించింది. భయం వేసి తీసేశాను. తూర్పు గదిని తిరిగి కట్టని ఆ 1920 నాటివాళ్ళు గుర్తుకొచ్చారు. ఖాళీలు తెల్లగా వదిలేసి బాబాయికి పంపాను.

"ఈ తెల్లగా వదిలేసిందేందిరా?"

"అక్కడేముందో ఎవరి ఫోటోలోనూ లేదు బాబాయ్."

"ఫోటోలో లేకపోతే? నాకు తెలీదా! ఆ మూలన తాగే నీళ్ళ బాన ఉండేది. పక్కన మీ నాన్న సైకిలు ఆనించేవాడు. సైకిలు పిడి రాసుకొని రాసుకొని సున్నం రాలింది కూడానూ..."

ఆ తెల్లని ఖాళీల కాగితాన్ని బాబాయి పెద్దది చేయించి, ఒక ఆదివారం కొత్త గుడి గోడకు అంటించారట. ముసలివాళ్ళంతా చేరి ఏ ఖాళీలో ఏముండేదో చెబుతుంటే, చదువుకున్న పిల్లలు పెన్సిలుతో రాసుకున్నారట. గంట తాడు ఎటువైపు కట్టేవాళ్ళో రెండు వర్గాలై ఇంకా తేల్చుకోలేదు. పుస్తకం అట్ట మీద ఆ బొమ్మే వేశారు, తెల్లటి ఖాళీలతోనూ పెన్సిలు రాతలతోనూ సహా. నేను నింపి పంపి ఉంటే ఆ నీళ్ళ బానా, మా నాన్నగారి సైకిలూ ఎవరికీ గుర్తుకొచ్చేవి కావు. నాకు అసలే గుర్తుకు రాలేదు.

మిత్రులకు ఒక్క మనవి. మీ ఊళ్ళో పాత బడో, గుడో, మసీదో, చావిడో, లైబ్రరీనో ఉండే ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు దాని నడుమ నిలబడండి. ముక్కాలి అక్కరలేదు, ఖరీదైన తల అక్కరలేదు, చేతిలోని ఫోను చాలు. ఉన్నచోటనే మెల్లగా చుట్టూ తిరుగుతూ, ఒకదానిమీదొకటి మూడోవంతు పడేటట్టు పన్నెండు ఫోటోలు తీయండి. తరువాత బయటికి వచ్చి ప్రతి గోడ వెంబడీ నడుస్తూ వరుసగా తీయండి, వీలైతే పొద్దు వాలినప్పుడు. తీసిన తేదీ రాసిపెట్టండి. అతకడం తరువాత ఎవరైనా అతకవచ్చు, ముక్కలుంటే.

స్వస్తి.